మీ కాలనీకి ల్యాండ్‌మార్క్ ఏంటి? పిల్లర్ నంబర్ల సిటీలో శివారుకి సొంత గుర్తింపు వచ్చేదెలా?

"అన్నా, లొకేషన్ పెట్టారు కానీ మ్యాప్ ఎటో తిప్పుతోంది. ల్యాండ్‌మార్క్ ఏదైనా చెప్పండి." హైదరాబాద్ శివార్లలో ఉండేవాళ్లకి ఈ ఫోన్ కాల్ కొత్తేం కాదు. చాలామంది ఏం చెప్పాలో తెలియక ఒక్క క్షణం ఆగుతారు. పక్కన ఉన్న సూపర్ మార్కెట్ పేరో, మెడికల్ షాపు పేరో చెప్తారు. రెండేళ్లకి ఆ షాపు ఖాళీ చేస్తే అడ్రస్ మళ్లీ మొదటికొస్తుంది.

అత్తాపూర్ వైపు వెళ్తే ఇంకో పద్ధతి కనిపిస్తుంది. అక్కడ అడ్రస్ అంటే పిల్లర్ నంబరే. 2009లో మొదలైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాని కింద పిల్లర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా నంబర్‌లోనే. షాపు బోర్డుల మీద, పెళ్లి పత్రికల మీద కూడా ఆ నంబర్లే వేస్తున్నారు. 2017లో మెట్రో వచ్చాక ఆ రూట్‌లో ఉన్న ఏరియాల్లోనూ ఇదే అలవాటైంది.

ఒక్కసారి ఆలోచించండి. 1591లో కట్టిన ఒక్క చార్మినార్‌తో ఊరు మొత్తానికి గుర్తింపు వచ్చిన సిటీ ఇది. అదే సిటీ శివార్లలో ఇప్పుడు మనం ఉండే చోటికి సిమెంట్ స్తంభం మీద నంబర్ తప్ప ఇంకో గుర్తు దొరకడం లేదు. ఎందుకిలా? బిల్డింగులు తక్కువయ్యా అంటే అదీ కాదు. మరి లోపం ఎక్కడుంది?

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే..

2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను తెలంగాణ ప్రభుత్వం జీహెచ్ఎంసీలో కలిపింది. బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట్, మీర్‌పేట్, బడంగ్‌పేట్, మణికొండ, తెల్లాపూర్, అమీన్‌పూర్, తుర్కయాంజాల్.. ఇలా పెద్ద లిస్టే ఉంది. ఆ వెంటనే వార్డుల సంఖ్యను 150 నుంచి 300కి పెంచారు.

పదేళ్ల కిందట వీటిలో చాలా ఊళ్లు గ్రామ పంచాయతీలే. పంచాయతీ నుంచి మున్సిపాలిటీ, అక్కడి నుంచి మహానగరం. ఇంత మార్పు ఒక్క తరం కూడా గడవకముందే జరిగిపోయింది. వార్డుల హద్దుల మీద, పేర్ల మీద అభ్యంతరాలు వెల్లువెత్తాయి. మా ఊరి పేరే వార్డుకి ఉండాలని కొందరు, మా కాలనీని పక్క వార్డులో కలపొద్దని మరికొందరు పట్టుబట్టారు. బయటి నుంచి చూస్తే ఇది చిన్న గొడవలా అనిపించొచ్చు. కానీ దాని వెనక ఉన్న భయం చిన్నది కాదు. మ్యాప్ మీద పేరు పోతే, నేల మీద మా ఊరిని గుర్తుపట్టడానికి ఇంకేం మిగిలింది అన్నదే ఆ భయం.

పేరు కాపాడుకోవడం వరకు సరే. అయితే పేరు ఒక్కటే ఊరిని నిలబెట్టదు. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ అందరికీ తెలుసు. ఎంవీపీ అంటే మువ్వలవానిపాలెం అని ఆ కాలనీలో పెరిగిన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పేరు మూడక్షరాలైంది, పాలెం వెనక్కి పోయింది. కాలనీకి గుర్తింపు మాత్రం సెక్టార్లు, రోడ్లు, రైతు బజార్ వల్ల వచ్చింది. అంటే జనం రోజూ నడిచే, ఆగే, కలిసే చోట్ల వల్ల.

ఫ్యాక్టరీ పోయినా స్టాప్ పేరు పోలేదు

హైదరాబాద్ శివార్లలో గట్టి గుర్తింపు ఉన్న ఏరియాలు ఏవో చూద్దాం. మియాపూర్ దగ్గర ఆల్విన్ క్రాస్ రోడ్స్. బాలానగర్ వైపు ఐడీపీఎల్. కుషాయిగూడ పక్కన ఈసీఐఎల్. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. గమనించారా? అన్నీ ప్రభుత్వ కంపెనీల పేర్లే.

ఇందులో ఆల్విన్ ఫ్రిజ్‌లు, వాచీలు ఇప్పుడు లేవు. ఐడీపీఎల్‌లో మందుల తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. అయినా బస్ కండక్టర్ ఆ పేర్లే అరుస్తాడు, జనం అక్కడే దిగుతారు. ఆ కంపెనీలో ఒక్క రోజు కూడా పనిచేయని కుటుంబాలు కూడా "మాది ఐడీపీఎల్ దగ్గర" అనే చెప్పుకుంటాయి.

ఈసీఐఎల్ కథ ఇంకా ఆసక్తికరం. 1967లో మొదలైన ఈ సంస్థకి హైదరాబాద్‌లో ఆఫీస్ బిల్డింగ్ డిజైన్ చేసింది చార్లెస్ కొరియా. ఉద్యోగుల టౌన్‌షిప్ డిజైన్ చేసింది బాలకృష్ణ దోషి. ఈ దోషికే 2018లో ప్రిట్జ్‌కర్ ప్రైజ్ వచ్చింది. ఆర్కిటెక్చర్‌లో నోబెల్ అని చెప్పుకునే ఆ అవార్డు అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. అంటే దేశంలోనే పేరున్న ఇద్దరు ఆర్కిటెక్టులు యాభై ఏళ్ల కిందటే మన శివారులో పనిచేశారు. ఈసీఐఎల్ చౌరస్తాలో రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఆ టౌన్‌షిప్‌లు అందంగా ఉన్నాయా లేదా అన్నది వేరే ప్రశ్న. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఆ కాలంలో ఇళ్లతో పాటే మిగతా జీవితాన్ని కూడా ప్లాన్‌లో గీశారు. క్వార్టర్స్, స్కూలు, గ్రౌండ్, షాపింగ్ కాంప్లెక్స్, కమ్యూనిటీ హాలు, చెట్లున్న రోడ్లు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. అక్కడ పెరిగినవాళ్లు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా వాట్సాప్ గ్రూపుకి టౌన్‌షిప్ పేరే పెట్టుకుంటారు.

ఇళ్లు మారాయి, రోడ్లు మిగిలాయి

కేపీహెచ్‌బీ కాలనీది ఇలాంటి కథే. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ ఇది. ఈడబ్ల్యూఎస్, ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అంటూ ఆదాయాన్ని బట్టి ఇళ్లు ఇచ్చారు. మొదట్లో చిన్న చిన్న ఇళ్లు. ఇప్పుడు వెళ్లి చూస్తే ఆ చిన్న ఇళ్ల స్థానంలో నాలుగైదు అంతస్తుల హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, టిఫిన్ సెంటర్లు.

పాత ఇళ్లు చాలా వరకు పోయాయి. కానీ కేపీహెచ్‌బీ మాత్రం పోలేదు. కారణం సింపుల్. ఇల్లు యజమాని చేతిలో ఉంటుంది, ఎప్పుడైనా కూల్చి కట్టుకోవచ్చు. రోడ్డు, పార్కు, గ్రౌండ్, గుడి ముందు జాగా మాత్రం ఒక్కరి చేతిలో ఉండవు. అందుకే అవి ఇంటికన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. ఒక కాలనీ రూపు ఏంటో చెప్పేవి కూడా అవే.

హైటెక్ సిటీ చెప్పే ఇంకో పాఠం

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ సైబర్ టవర్స్. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. రాళ్లగుట్టల మధ్య గుండ్రటి పది అంతస్తుల బిల్డింగ్. అప్పట్లో హైదరాబాద్ ఐటీ గురించి టీవీలో ఏ వార్త వచ్చినా వెనక అదే విజువల్. మాదాపూర్ అనే ఊరిని ప్రపంచానికి హైటెక్ సిటీగా పరిచయం చేసింది ఆ ఒక్క బిల్డింగే. 2020లో వచ్చిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి కూడా అంతే, మొదటి రోజు నుంచే సెల్ఫీ స్పాట్.

ఒక్క కట్టడంతో ఏరియాకి ఇమేజ్ వస్తుందని ఇది నిరూపించింది. కానీ ఇమేజ్ వేరు, గుర్తింపు వేరు. సైబర్ టవర్స్ ఫొటో చూసి ఆ ప్లేస్ ఏదో చెప్పొచ్చు. "ఇది మా ఊరు" అని ఫీల్ అవ్వడానికి ఫొటో సరిపోదు. ఆ చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలో ఉండే వేలమంది కుర్రాళ్లని అడిగి చూడండి. టీ బండి దగ్గర తప్ప కూర్చోవడానికి చోటెక్కడుందో చెప్పమనండి.

కమాన్ ఉంది.. లోపల ఏముంది?

శివారు కాలనీలు తమ గుర్తింపు కోసం ఏమీ చేయడం లేదా అంటే, చేస్తున్నాయి. మెయిన్ రోడ్డు మీద నుంచి వెళ్తుంటే వరుసగా కనిపించేవేంటి? కమాన్లు. కాలనీ పేరు, కట్టించిన దాతల పేర్లు, పైన దేవుడి బొమ్మ, రెండు వైపులా ఏనుగులో సింహాలో. సంక్షేమ సంఘం పెట్టగానే మొదట చందాలు వసూలు చేసేది కమాన్ కోసమే.

దీన్ని చూసి నవ్వాల్సిన పనిలేదు. కమాన్ అన్నది హైదరాబాద్ రక్తంలోనే ఉంది. చార్మినార్ పక్కన చార్ కమాన్ ఉంది, మౌలాలీకి కమాన్ ఉంది. "ఇక్కడి నుంచి మా చోటు మొదలవుతుంది" అని చెప్పడానికి ఈ ఊరు నాలుగు వందల ఏళ్లుగా వాడుతున్న భాష అది. పైసా ప్రభుత్వ సాయం లేకుండా, ఆర్కిటెక్ట్ లేకుండా, రిటైర్డ్ ఉద్యోగులు, మేస్త్రీలు కలిసి కట్టుకున్న గుర్తింపు ఈ కాలనీ కమాన్.

అయితే చార్ కమాన్‌కి, కాలనీ కమాన్‌కి ఒక తేడా ఉంది. చార్ కమాన్ దాటితే ఒక పెద్ద కూడలిలోకి వస్తాం. నాలుగు దిక్కుల నుంచి జనం అక్కడికి చేరతారు. కాలనీ కమాన్ దాటితే? ఇరవై ఐదు, ముప్పై అడుగుల రోడ్డు, రెండు వైపులా పార్క్ చేసిన కార్లు, కాంపౌండ్ గోడలు. గుమ్మం ఉంది, హాలు లేదు.

ఈ స్టోరీ రాస్తున్న నేను పెరిగింది కూడా ఇలాంటి కాలనీలోనే. లేఅవుట్ మ్యాప్‌లో పార్కు అని పచ్చ రంగు వేసిన జాగా ఒకటి ఉండేది. మాకు అది క్రికెట్ గ్రౌండ్, వినాయక మండపం, బతుకమ్మ ఆడే చోటు. నేను ఇంటర్‌లో ఉండగా ఒక రోజు పొద్దున లేచేసరికి చుట్టూ ప్రీకాస్ట్ గోడ, ఒక బోర్డు వెలిశాయి. కేసు కోర్టులో ఉందని పెద్దవాళ్లు చెప్పారు. ఇప్పుడు సద్దుల బతుకమ్మ రోజు రోడ్డుకి రెండు వైపులా తాడు కట్టి ఆడుతున్నారు. బైకులు హారన్ కొడుతూనే ఉంటాయి. ఎనిమిదింటికల్లా అమ్మ వాళ్లు పళ్లేలు సర్దుకుని ఇంటికొచ్చేస్తారు. మా కాలనీ కమాన్‌కి మాత్రం పోయినేడే కొత్త రంగులు వేశారు.

గేటెడ్ కమ్యూనిటీలు జవాబు కావా?

అవుననే వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల వాదనలో నిజం కూడా ఉంది. లోపల పిల్లలు సైకిల్ తొక్కడానికి చోటుంటుంది, పెద్దవాళ్లకి వాకింగ్ ట్రాక్ ఉంటుంది, పండగలు ఘనంగా చేస్తారు. రాత్రి పదింటికి కూడా ఆడవాళ్లు ధైర్యంగా నడవగలరు. బయట కాలనీల్లో దొరకనివే ఇవన్నీ.

సమస్య గేటు బయట ఉంది. 2006లో వచ్చిన జీవో 86 తర్వాత హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితి లేదు. అంటే స్థలం ఎంత ఉంటే దానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ వంటి షరతులు పాటిస్తే ఎంత ఎత్తైనా వెళ్లొచ్చు. 2023లో కోకాపేట్ నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్లు పైకే కడతారు. లోపల ఉన్న ఖాళీ జాగా లోపలివాళ్ల కోసమే ఉంటుంది.

ఫలితంగా ఒక్కో ప్రాజెక్టుకి గుర్తింపు ఉంటుంది, ఏరియాకి ఉండదు. పైగా ఆ ప్రాజెక్టుల పేర్లు చూడండి. కౌంటీ, మెడోస్, హైట్స్, ఎన్‌క్లేవ్. ఆ పేరు విని అది నార్సింగిలో ఉందో, కొంపల్లిలో ఉందో, బెంగళూరులో ఉందో చెప్పలేం. ఎలివేషన్ కూడా అంతే. ఇక ఆ గోడల మధ్య చిక్కుకున్న పాత ఊరు? గ్రామకంఠంలో బొడ్రాయి, పోచమ్మ గుడి, పాత చావిడి, నాలుగు వేప చెట్లు. ఆ ఏరియాకి అసలైన ల్యాండ్‌మార్క్ అదే. కానీ దారి అడిగితే ఎవరూ దాని పేరు చెప్పరు.

అసలు లెక్క: 10 శాతం జాగా, 14 శాతం డబ్బు

ఇక్కడే అసలు విషయం ఉంది. లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం జాగా ఓపెన్ స్పేస్‌గా వదలాలన్నది రూల్. పార్కు, పిల్లల ఆటస్థలం లాంటి వాటి కోసం. అనుమతి లేని లేఅవుట్లలో చాలా చోట్ల అది వదల్లేదు, చివరి గజం వరకు ప్లాట్లు కొట్టి అమ్మేశారు.

2020లో ఎల్ఆర్ఎస్ వచ్చినప్పుడు రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ స్కీమ్‌లో ఒక క్లాజ్ ఉంది. లేఅవుట్‌లో 10 శాతం ఓపెన్ స్పేస్ లేకపోతే, ప్లాట్ విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీగా కట్టాలి. ప్లాట్ కొన్న సామాన్యుడికి తన కాగితం క్లియర్ అవ్వడం ముఖ్యం. అతన్ని తప్పు పట్టలేం. కానీ కాలనీ వైపు నుంచి చూస్తే? డబ్బు ఖజానాకి వెళ్లింది, పార్కు మాత్రం రాలేదు. అన్ని ప్లాట్లు నిండిపోయిన చోట పార్కు కోసం మళ్లీ జాగా ఎక్కడి నుంచి వస్తుంది?

2024 జులైలో ఏర్పాటైన హైడ్రా ఔటర్ వరకు చెరువులు, పార్కులు, లేఅవుట్ ఖాళీ స్థలాల కబ్జాల మీద పనిచేస్తోంది. కూల్చివేతల తీరు మీద విమర్శలున్నాయి, కోర్టు కేసులున్నాయి. అయితే 2025 సెప్టెంబర్‌లో అంబర్‌పేటలో బతుకమ్మ కుంట మళ్లీ ప్రారంభమైంది. ఊరి మధ్యలో పూడిపోయిన కుంట తిరిగొస్తే ఆ ఏరియా ముఖం ఎలా మారుతుందో అక్కడ చూడొచ్చు. కాబట్టి జాగా కాపాడటం మొదటి మెట్టు. దాన్ని ఎలా డిజైన్ చేస్తామన్నది రెండో మెట్టు.

దోషి, కొరియా ఏం చేశారు?

ఈసీఐఎల్ కోసం పనిచేసిన ఆ ఇద్దరే తర్వాత వేరే నగరాల శివార్లలో చేసిన పనులు మనకి పనికొస్తాయి.

ఇండోర్ శివారులో దోషి డిజైన్ చేసిన అరణ్య కాలనీ పేదల కోసం వేసింది. 6,500 ప్లాట్లు. చాలామందికి పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. పునాది, నీళ్లు, టాయిలెట్, ఒక గది ఇచ్చి మిగతాది మీ సంపాదనని బట్టి మీరే కట్టుకోండి అన్నారు. కానీ ప్రతి ఇంటి ముందు వీధికి ఆనుకుని ఓట్లా ఉండేలా చూశారు. ఓట్లా అంటే మన అరుగు. సాయంత్రం కూర్చుని వచ్చేపోయేవాళ్లని పలకరించే అరుగు. 1995లో దీనికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

నవీ ముంబైలోని బేలాపూర్‌లో కొరియా 1980ల్లో ఇంకో ప్రయోగం చేశారు. ఏడు ఇళ్లు, మధ్యలో ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉమ్మడి ముంగిలి. అలాంటివి మూడు కలిస్తే ఇంకాస్త పెద్ద ముంగిలి. ఇవాళ అక్కడ చాలా ఇళ్లని యజమానులు కూల్చి తమకు నచ్చినట్టు కట్టుకున్నారు. కొరియా గీసిన రూపం చాలా ఇళ్లకి లేదు. అయినా ఆ ముంగిళ్లు ఉన్నాయి, అందుకే ఆ కాలనీని ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు.

కేపీహెచ్‌బీ చెప్పిన మాటే బేలాపూర్ కూడా చెప్తోంది. ఎలివేషన్ మారిపోతుంది, ఉమ్మడి చోటు మిగులుతుంది.

మరి మన శివార్లలో ఏం చేయొచ్చు?

- లేఅవుట్ ఓపెన్ స్పేస్‌లన్నింటినీ సర్వే చేసి, కాలనీల వారీగా మ్యాప్‌ని ఆన్‌లైన్‌లో పెట్టాలి. మా పార్కు ఎక్కడుందో నాకు తెలిస్తేనే కదా, గోడ లేచిన రోజు అడిగేది.

- ఎల్ఆర్ఎస్ కింద వసూలైన ఓపెన్ స్పేస్ డబ్బు అదే ఏరియాలో జాగా కొనడానికే ఖర్చవ్వాలి. ఎంత వచ్చింది, ఎక్కడ కొన్నారు అన్నది వార్డు ఆఫీస్ బోర్డు మీద రాయాలి.

- కొత్త వార్డులకి కొత్త ఆఫీసులు కావాలి కాబట్టి, వాటిని అద్దె ఫ్లోర్‌లో కాకుండా పాత ఊరి చావిడి పక్కనో, పార్కు పక్కనో కట్టాలి. ఆఫీస్, లైబ్రరీ, చిన్న హాలు, ముందు నీడనిచ్చే అరుగు. ప్రతి వార్డులో ఒకటే మోడల్ కాకుండా, అక్కడి రాయి, అక్కడి చెట్టు, అక్కడి గుడిని చూసి డిజైన్ చేయాలి.

- గేటెడ్ ప్రాజెక్టులు కనీసం రోడ్డు వైపు గోడ బయట నాలుగు చెట్లు, ఒక బెంచీ, నడవడానికి ఫుట్‌పాత్ ఇవ్వాలి.

- ఇక కాలనీ సంఘాలు. వచ్చే ఏడాది కమాన్‌కి రంగులు వేసే చందాలో సగం కమాన్ పక్కన కూర్చునే అరుగుకి పెట్టండి. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

చివరగా..

శివారులో ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఎవరైనా సొంతూరు ఏది అని అడిగితే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఖమ్మం, కర్నూలు, భీమవరం అనే చెప్తారు. వాళ్ల పిల్లలు మాత్రం పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. రేపు ఎవరైనా అడిగితే వాళ్లు చెప్పుకోవడానికి ఒక ఊరు ఉండాలి. ఆ ఊరిలో అందరూ కలిసే చోటొకటి ఉండాలి. లేదంటే వాళ్లు కూడా పిల్లర్ నంబరే చెప్తారు.

మీ కాలనీ పార్కు జాగా ఇప్పుడు ఎలా ఉంది? అందులో పిల్లలు ఆడుకుంటున్నారా, లేక గోడ లేచిందా? ఈ ఆదివారం ఒకసారి లేఅవుట్ మ్యాప్ పట్టుకుని వెళ్లి చూడండి.